లేని అన్న

రాత్రి మూడు గొట్టంగ శంషాబాద్‌ల ఎక్కింది.
ఎక్కకముందు కారు చుట్టు తిరిగింది,
బర్రెను కొనెటోడు సుడులు చూసినట్టు.
నంబర్ ప్లేటు ముందట వంగి
ఒక్కొక్క అంకె పెదవులతోని చదివింది,
ఫోటో కొట్టింది.
యాప్‌ల ఉన్న నా మొఖాన్ని
నా మొఖం పక్కన పెట్టి చూసింది.
అది గడ్డం లేనప్పటిది,
జర కష్టమైంది ఆమెకు.

పేరు ఇంతిసార్ అని వచ్చింది.
చేతుల ఆస్పత్రి ఫైలు, భుజానికి ఒక్కటే సంచి.
సరిగ్గ నా సీటు వెనుకనే కూసున్నది,
నా చెయ్యి అందని తావుల.
తలుపు ఒకపారి తీసి మల్ల ఏసింది,
లోపటికెల్లి తెరుచుకుంటదా అని.
తెరుచుకుంటదమ్మా, అందామనుకున్న.
అనలే.
కొన్ని మాటలు మంచియే గాని
మూడు గంటల రాత్రి మంచియి కావు.

చార్జర్ అడిగింది సైగతోని.
నా వైరు ఆమె ఫోనుకు పట్టలే.
గేటు దాటకముందే
ఆ ఫోను ఒక్కసారి మెరిసి నల్లగైంది,
అద్దంల కనవడ్డది నాకు.

అప్పుడు మొదలువెట్టింది మాట్లాడుడు.
సచ్చిన ఫోను చెవికి ఒత్తుకొని
అరబ్బీల, గట్టిగ:
"అయ్వా, యా అఖూయా, ఎక్కిన.
నువ్వు గేటుకాడనే నిలబడు.
నంబరు పంపిన గద."
నడుమ నడుమ ఆగుతది,
అవుతలోడు మాట్లాడెటంత సేపు.
ఒక్కపారి నవ్వింది గూడ,
వాడు ఏదో జోకేసినట్టు.

షార్జాల ఆరేండ్లు తోలిన నేను.
ఆ భాషల తిట్లు ముందు నేర్సిన, లెక్కలు తర్వాత.
ఆమె అన్న ప్రతి మాట
నా వీపుకు తెలుస్తనే ఉన్నది.
నాకు తెలుసని తెలిస్తె
ఆమె కట్టుకున్న గోడ కూలిపోతది.
నోరు కుట్టుకున్న.

ఆరాంఘర్‌కాడ పైకెక్కితె పది నిమిషాలు తక్కువ.
ఎక్కలే.
కిందికెల్లి వోయిన.
కింద చాయ్ బండ్లున్నయ్, లైట్లున్నయ్,
పోలీసు జీపు ఒకటి నిద్రవోతున్నది.
ఇంకోటి, కింద పిల్లర్లకు నంబర్లుంటయ్.
ఊరు తెల్వని మనిషికి
చదువుకునెటందుకు ఏదన్న ఉండాలె గద.

ఆమె పట్టుకున్నది.
"రెండొందల నలభై," అన్నది అన్నతోని.
"రెండొందల రెండు."
అంకెలు దిగుకుంట వస్తున్నయ్,
గొంతుల వణుకు గూడ వాటెంబడి.
"మియా వ తమంతాషర్."
నూటా పద్దెనిమిది. అవును, అత్తాపూర్.
నేను మనసుల సరిజూస్తున్న,
బడిపిల్ల ఎక్కం అప్పజెప్తుంటె
అర్రల పన్న అన్న లెక్క.

మా చెల్లె గంగజల మస్కట్‌ల ఉన్నది.
ఆఫీసులు తుడుస్తది, రాత్రి పాళి.
పోయెటప్పుడు జగిత్యాల బస్టాండుల
నేనే చెప్పిన దానికి:
ఫోన్ల బ్యాలెన్స్ లేకున్న మంచిదే,
చెవికి పెట్టు.
అన్నతోని మాట్లాడు.
"నువ్వు ఎత్తకపోతె?" అని నవ్వింది అది.
ఎత్తెడిది ఏముందే పిచ్చిదానా,
డ్రైవరుకు ఇనవడాలె, అంతే.

ఇయ్యాల డ్రైవరును నేను.

టోలీచౌకి గల్లీల కుక్కలు లేసినయ్.
గేటుకాడ ఏ అన్న లేడు.
వాచ్‌మెన్ కుర్చి ఉన్నది, వాచ్‌మెన్ లేడు.
ఆమె దిగింది, పైసలు ఇచ్చింది,
ఫోను ఇంక చెవికాడనే ఉన్నది.
"షుక్రన్," అన్నది, నాకో, వానికో.
"అఫ్వన్" నాలిక చివరిదాక వచ్చింది.
మింగిన.
"సరేనమ్మా," అన్న తెలుగుల.

బండి తిప్పలే.
హెడ్‌లైటు గేటు తాళం మీద వెట్టి ఉంచిన.
మూడో అంతస్తుల లైటు వెలిగిందాక
ఇంజన్ బంద్ చెయ్యలే.

పొద్దుగాల గంగజలకు ఫోన్ చేసిన.
"ఏందన్నా, గీ యాల్లప్పుడు?"
ఏం లేదు.
రాత్రి ఎవరి కార్ల వచ్చినవే, అని అడిగిన.
"గుర్తులేదు," అన్నది.
"తొవ్వపొడుగునా నీతోనే మాట్లాడుకుంట వచ్చిన."